పట్టా కలిసే చోట

మొదటి ఇంజను వచ్చేలోగా అయిపోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. గోతిలో రాత్రి చేరిన వాననీరు బకెట్లతో తోడి పొయ్యాలి. గోతి అంచున మనుషులు నడిచే దారిలో ఇసుక చల్లాలి, లేకపోతే బురదకి కాళ్లు జారతాయి. అడుగున గుండ్రంగా పరిచిన పట్టా మీద బొగ్గుముక్కలు ఏరాలి. నడిమి ఇరుసుకి గ్రీజు పెట్టాలి. గడియకి నూనె రాయాలి. తోపుడు దూలాలు రెండూ పొడిగుడ్డతో తుడవాలి. ఇవన్నీ అయ్యాక ఒక దూలం చివర గోనెదిండు కట్టాలి.

ఆ ఆఖరిపని ఎవరూ పోలయ్యకి గుర్తు చెయ్యనక్కర్లేదు. దిండు అతనిదే. తెలిపారా బజారులో ధాన్యం కొట్టువాడు పారేసిన గోనెసంచిని అతని పెళ్లాం అప్పలనర్సమ్మ నాలుగు మడతలు వేసి, ఇంజన్లు తుడిచే నూలుపీచు లోపల కూరి, దబ్బనంతో కుట్టి ఇచ్చింది. మిగతావాళ్లు చేతులతో తోస్తారు. అతను దిండు మీద రొమ్ము ఆనించి తోస్తాడు.

"మావ తలగడ కట్టేసినాడు. ఇంక నిద్రోడమే తరవాయి" అన్నాడు నూకరాజు, గడియ దగ్గర నూనెడబ్బాతో వంగి.

"నీకూ ఓటి కుట్టమంటాను మీ అత్తని. మూతికి కట్టుకుందువు" అన్నాడు పోలయ్య.

ఏడుగురూ నవ్వారు. పోలయ్య నవ్వబోయి దగ్గాడు.

పొట్టి మనిషి. ఒకప్పుడు వెడల్పుగా ఉన్న భుజాలు ఇప్పుడు ముందుకి వంగి, రొమ్ము లోపలికి గుంటపడింది. మీసం తెల్లన, కుడివైపు కొస మాత్రం బీడీపొగకి పసుపు. అరికాళ్ల పగుళ్లలో ఇన్నేళ్ల మసి దిగబడి ఎంత తోమినా నల్లగీతలు పోవు. మాట్లాడేముందు ఒకసారి ఊపిరి పీల్చి ఆగుతాడు. కొత్తవాళ్లు అది పెద్దరికం అనుకుంటారు. అది ఆయాసం.

బిలాసపూర్ లోకోషెడ్డు వెనక, ఇటికలు కట్టిన గుండ్రటి గొయ్యి. దానికి అడ్డంగా ఇనపబల్ల. బల్ల మీద పట్టాలు. రాయపూర్ నుంచి వచ్చిన ఇంజను మళ్లీ అటే పోవాలంటే ముఖం తిప్పుకోవాలి. అది వచ్చి ఈ బల్ల ఎక్కుతుంది. డ్రైవరు కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ జరిపి, బరువు సరిగ్గా ఇరుసు మీద పడేలా ఆపుతాడు. అప్పుడు ఇటుకొసన నలుగురు, అటుకొసన నలుగురు ఖలాసీలు దూలాలు పట్టి గోతి చుట్టూ నడుస్తారు. కొండలాంటి ఇంజను వాళ్ల నడకతో తిరుగుతుంది.

కష్టం తిప్పడంలో లేదు, ఆపడంలో ఉంది. ఒకసారి కదిలిన బల్ల చేతులు తీసేసినా తన పరుగు తాను పోతుంది. బల్లమీది పట్టా బయటి పట్టాతో సూటిగా కలిసినప్పుడే గడియ గూట్లో పడుతుంది. కాబట్టి కలవకముందే ఆపమని కేక వెయ్యాలి. ఎంత ముందు అన్నది ఆ పూట ఇంజనులో మిగిలిన నీళ్లనీ బొగ్గునీ బట్టి ఉంటుంది. అది కంటికి తెలిసేది కాదు. తోసేవాడి చేతికి తెలుస్తుంది.

ఆ కేక ఎవరిదన్నదానికి వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇంజను ఏ కొసనుంచి దిగాలో ఆ కొసన, పట్టాకి అందరికన్నా దగ్గర ఏ మనిషి ఉంటే కేక అతనిది. అలసట అందరికీ సమానంగా పంచుకోడానికి ఇంజనుకొకసారి చోట్లు మారతారు, అందుకని కేక కూడా అందరి దగ్గరికీ తిరుగుతుంది. నిన్న చేరినవాడు అరిచినా పెద్దవాడు చేతులు తియ్యాలి. 'పట్టా ఎవడి కాడ కలిస్తే మాట ఆడిది' అంటారు. ఇది ఎవరు పెట్టారో పోలయ్యకి తెలియదు. చీపురుపల్లి దగ్గర పంటలు ఎండిన యేడు, మట్టి మొయ్యడానికి ఈ లైనుకి వచ్చి, తరవాత షెడ్డులో చేరాడు. అప్పటికే ఉంది.

ఏడాదిగా పోలయ్యని మాత్రం చోటు మారనివ్వడం లేదు. "పెద్దోడివి, దూలం సివర ఉండు మావా, అక్కడ సులువు" అన్నారు. ఉన్నాడు. బల్ల కూడా ఈమధ్య తేలిగ్గా కదులుతున్నట్టే అనిపిస్తోంది. డ్రైవర్లు ఇప్పటికి బరువు సరిగా నిలపడం నేర్చారు అనుకున్నాడు.

ఆ ఉదయం మొదటి ఇంజను సాఫీగా తిరిగింది. అది దిగి వెళ్లాక ఫోర్‌మన్ దొర వచ్చాడు. చెడ్డవాడు కాదు. యుద్ధం బళ్లు ఎక్కువై నిద్రలేక కళ్ల కింద సంచులు దిగాయి. ఇంకెక్కడో షెడ్డులో ఇంజను గోతిలో పడిందిట. ఇకమీదట ప్రతి జట్టుకీ ఒక జమాదారు ఉండాలని పైనుంచి మాట వచ్చింది.

"రుకో అని కేకేసి ఆపేది ఎవడు ఇక్కడ?" అని అడిగాడు హిందీలో.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సబ్, సాబ్" అన్నాడు బంగార్రాజు. అతను పోలయ్య పక్కన తోసేవాడు, పోలయ్యకి వేలువిడిచిన తమ్ముడు. జట్టులో హిందీ బాగా వచ్చినవాడు.

"అందరూ అంటే ఎవడూ కాదు. తప్పు జరిగితే నేను ఎవర్ని అడగాలి?" దొర జేబులోంచి నల్లతాడు కట్టిన ఇత్తడి ఈల తీశాడు. "మీలో ఒకడు దీన్ని పట్టుకోండి. పక్కన నిలబడి చూసి ఊదాలి, తొయ్యక్కర్లేదు. ఎవడూ పట్టుకోకపోతే బయటనుంచి జమాదార్ని తెస్తాను. మిమ్మల్ని సగం సగం చేసి రెండు షెడ్లకి పంపిస్తాను."

నూకరాజు చేతులు తుడుచుకుంటూ, "ఏటి సూడ్డం? మావ ఉన్నాడు కదా" అన్నాడు. అందరూ అవునన్నారు.

వద్దు అనడానికి పోలయ్య ఊపిరి పీల్చాడు. ఆ పీల్చడంలోనే అతనికి వచ్చే నెల డాక్టరు పరీక్ష గుర్తొచ్చింది. రొమ్ము మీద గొట్టం పెట్టి వింటాడు. పనికిరాడంటే ఉద్యోగంతోపాటు కోటరు కూడా పోతుంది. ఊళ్లో ఇల్లు లేదు, ఇక్కడ పిల్లలు లేరు. తొయ్యక్కర్లేని మనిషి రొమ్ముని డాక్టరు అంత శ్రద్ధగా వినడు.

చెయ్యి చాచి ఈల తీసుకున్నాడు.

మధ్యాహ్నం కోటరుకి వచ్చేసరికి అప్పలనర్సమ్మ చద్దన్నంలో ఉల్లిపాయ తరుగుతోంది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దాన్నే బాసీ అంటుంది. ఇరవై యేళ్లుగా ఇద్దరూ ఒకరి పేరు ఒకరు ఒప్పుకోలేదు.

"ఏటి, మెళ్లో ఏటది?"

"ఈల."

"ఈ వయసులో నీకు ఆటలేటి?"

"జమాదారు ఈలే, ఎర్రిమొకమా."

ఆమె కత్తిపీట వంచి లేచింది. చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, ఈలని వేలితో ముట్టుకుంది. "ఊదు ఓపాలి."

"ఇంట్లో ఊదకూడదు."

"నా ఇంట్లో నాను ఊదమంటన్నాను."

ఊదాడు. గుమ్మం దగ్గర కోళ్లు చెదిరిపోయాయి. కూత సగంలో తెగిపోయి, మిగతాది ఉత్తగాలిగా వచ్చింది. ఇద్దరూ నవ్వారు. ఎక్కడ తెగిందో ఆమె వింది. అయినా నవ్వు ఆపలేదు.

"అయితే కోటరు ఉంటాదా?"

"ఉంటాది."

"డాక్టరు?"

"జమాదారు తొయ్యక్కర్లేదే."

"అచ్ఛా" అంది ఆమె. సంతోషం మరీ ఎక్కువైనప్పుడే ఆమెకి ఆ మాట వస్తుంది. "రతన్‌పూర్ అమ్మోరికి సీర పెడతానని మొక్కుకున్నాను. మరి ఎళ్లొద్దాం." ఉల్లిపాయలో మంచిముక్కలు ఏరి అతని కంచంలో వేసింది.

మధ్యాహ్నపు ఇంజను పెద్దది. నీళ్లు నిండుగా పట్టుకుని వచ్చింది. పోలయ్య ఇంజను దిగవలసిన పట్టా పక్కన ఇటికల మీద నిలబడ్డాడు. దొర చేతులు వెనక్కి పెట్టుకుని కొంచెం అవతల ఉన్నాడు. ఇన్నేళ్లలో పోలయ్య ఆ బల్లని బయటనుంచి చూడడం ఇదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బల్ల కదిలింది.

ఏడుగురే తోస్తున్నారు. అతని చోట దూలం చివర దిండు ఒక్కటే ఊగుతోంది. అయినా బల్ల ఎప్పటిలాగే కదిలింది. ఒక్కరవ్వ కూడా బరువెక్కలేదు. వాళ్ల మెడనరాలు ఉబ్బి ఉన్నాయి, బంగార్రాజు నడుం విల్లులా వంగింది, కానీ ఎవరూ కొత్తగా కష్టపడుతున్నట్టు లేరు. అలవాటైన కష్టంలా ఉంది. పోలయ్య దానికేసే చూస్తూ ఉండిపోయాడు.

పట్టా దగ్గరికి వస్తోంది. పట్టాకి అందరికన్నా దగ్గరగా ఉండే లోపలి చోటు ఈసారి సన్యాసిరావుది. జట్టులో అందరికన్నా ఆలస్యంగా చేరినవాడు, పిల్లల తండ్రయినా నలుగురిలో గొంతెత్తడు. అతను ఒకసారి తలెత్తి పోలయ్యకేసి చూశాడు, నోరు తెరిచి మూసుకున్నాడు. పోలయ్య పట్టాకేసి చూశాడు. ఇంకా జానెడు దూరం ఉంది. ఇంకొంచెం రానిద్దాం అనుకున్నాడు. కంటికి సరిపోయినప్పుడు ఊదాడు.

నీళ్లతో నిండిన ఇంజను ఆ ఈలకి ఆగలేదు. బల్ల పట్టాని దాటిపోయింది. అందరూ వెనక్కి లాగారు. గడియ వెయ్యడానికి వంగిన నూకరాజు చేతిని ఇనుము ఎగదన్నింది.

"ఓలమ్మా!"

రెండు వేళ్లు నలిగాయి. పోలయ్య తన తువ్వాలు చింపి కట్టు కట్టాడు.

"ఎవడి తప్పు?" అన్నాడు దొర.

"ఈల నాది బాబూ. తప్పూ నాదే."

"కాదు" అన్నాడు సన్యాసిరావు. అందరూ తిరిగి చూశారు. "బరువు నా సేతికి తెలిసింది. ముందే అరవాల. మాట మావది కదా అని ఊరుకున్నాను. నాదీ తప్పు."

"ఆడిది కాదు, నాది. ఈల ఇనకుండా గడియకి సెయ్యెట్టినోణ్ని నాను" అన్నాడు నూకరాజు పళ్లబిగువున.

బంగార్రాజు ఇదంతా హిందీలో చెప్పాడు. దొర విసుగ్గా, "బాగుంది. అడగడానికి ఇప్పుడు నాకు ఒక మనిషి దొరికాడు కదా" అన్నాడు పోలయ్యని చూపించి.

"మనిషి దొరికినాడు బాబూ" అన్నాడు పోలయ్య, ఊపిరి తీసుకుని. "ఇంజనే ఆగలేదు."

మెళ్లోంచి ఈల తీసి, సామాన్ల గుడిసె గోడకున్న మేకుకి తగిలించాడు. సాయంత్రం మెయిలింజను తమ పద్ధతిలో తిప్పుతామనీ, వచ్చి చూడమనీ బంగార్రాజు చేత చెప్పించాడు.

దొర చాలాసేపు మేకుకేసి చూశాడు. "గడియ ఒకేసారి పడాలి. పడకపోతే రేపు బయటి జమాదారు వస్తాడు, మీరు రెండు షెడ్లకి పోతారు" అని వెళ్లిపోయాడు.

నీడన కూచున్నాక పోలయ్య బీడీ వెలిగించి, తాగకుండా చేత్తో పట్టుకున్నాడు.

"ఏడుగురితో తిరిగిపోయింది రా, బల్ల."

బంగార్రాజు వేలితో ఇసుక మీద గీతలు గీశాడు.

"ఎన్నాళ్లయింది, నా వంతు మీరు తొయ్యబట్టి?"

"పోయిన వానకాలం నుంచి."

"సెప్పలేదేటి?"

"సెప్తే మానేస్తావు. మానేస్తే కోటరు పోద్ది. వదిన ఎక్కడికెళ్తాది?"

"నాను డ్రైవర్లు బాగుపడ్డారనుకున్నాను."

"డ్రైవర్లా!" అన్నాడు నూకరాజు కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. "ఆళ్లు ఈ జన్మలో బాగుపడరు మావా." ముందు అతనే నవ్వాడు. నవ్వు అయిపోయాక ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

పోలయ్యకి పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. పెద్ద జ్వరాలు వచ్చిన యేడు, ఒకే వారంలో అతని ఇద్దరు పిల్లలూ పోయారు. అర్పానది ఒడ్డున గొయ్యి తవ్వింది ఈ జట్టే. అందులో బంగార్రాజు తప్ప ఇప్పుడెవరూ మిగల్లేదు. పనిలోకి వచ్చిన రోజు కేక పోలయ్యకే వచ్చింది. పట్టా దగ్గరపడింది, గొంతు పెగల్లేదు. దూలం మీంచి చేతులు మాత్రం తీశాడు. ఆ సంగతి దూలంలోంచి మిగతావాళ్ల చేతులకి తెలిసింది. ఆపారు. గడియ పడింది. కేక లేకుండా బల్ల ఆగింది ఆ ఒక్కరోజే.

"ఈల ఒగ్గేస్తే డాక్టరొస్తాడు అన్నా" అన్నాడు బంగార్రాజు.

"వొస్తే వొస్తాడు."

"వదినకేటి సెప్తావు?"

పోలయ్య ఆరిపోయిన బీడీని చెవిమీద పెట్టుకున్నాడు. "ఇంక నన్ను సివర ఉంచొద్దు. వరసలోకి రానియ్యండి" అన్నాడు.

"ఆ సంగతి రేపు. ముందు ఇప్పుడు మెయిలింజను రానీ" అన్నాడు నూకరాజు.

"ఇప్పుడే."

సాయంత్రం ఎండ తగ్గి, షెడ్డు పొగ నేలబారున పరుచుకుంది. పోలయ్య దిండు విప్పి దూలం నడుమకి జరిపి కట్టుకున్నాడు. మధ్యాహ్నం వెయ్యలేకపోయిన కేక అతనిదే అని లోపలి చోట మళ్లీ సన్యాసిరావు, అతని పక్కన పోలయ్య, తరవాత బంగార్రాజు. నూకరాజు ఎడమచేత్తో గడియ పట్టుకున్నాడు. దొర వచ్చి, పోలయ్య మధ్యాహ్నం నిలబడిన ఇటికల మీదే నిలబడ్డాడు.

ఇంజను ఎక్కింది. కొద్దిగా ముందుకి, కొద్దిగా వెనక్కి జరిగి ఆగింది.

"పట్టండి" అన్నారెవరో.

పోలయ్య దిండు మీద రొమ్ము పెట్టాడు. రెండు చేతులూ దూలం మీద పరిచాడు. ఆ పూట అతను తోశాడు. ఎంత తోశాడో బల్లకి తెలియకపోవచ్చు, కానీ బల్ల ఎంత బరువుందో అతని చేతులకి తెలిసింది. నీళ్లు సగమే ఉన్నాయి. బొగ్గు అడుగంటింది. తేలికైన ఇంజను, ఎక్కువ దూరం పరుగెత్తదు, తొందరగా ఆగుతుంది. రొమ్ములో ఎడమవైపు ఏదో బిగుసుకుంటోంది. అడుగు తరవాత అడుగు ఇసుకలో దిగుతోంది.

పట్టా వస్తోంది. పక్కన సన్యాసిరావు ఊపిరి అతనికి వినిపిస్తోంది. ఇప్పుడు, అనుకున్నాడు పోలయ్య. పెదాలు కదిపాడు కానీ అరవలేదు. ఆ మాట తనది కాదు.

"ఆగండ్రా!"

సన్యాసిరావు గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. దూలాల మీది చేతులన్నీ ఒక్కసారి లేచాయి. ఇంకా మూరెడు దూరం ఉందని దొర ఒక అడుగు ముందుకు వేశాడు. బల్ల తనంతట తానే వచ్చింది, మెల్లగా, ఇంకా మెల్లగా, పట్టాకి పట్టా ఆనింది. నూకరాజు గడియ వదిలాడు. టక్కుమని పడింది.

దొర వంగి గడియ చూశాడు. పైపు తీసి నోట్లో పెట్టుకుని, వెలిగించకుండానే షెడ్డువైపు నడిచాడు. గుడిసె ముందునుంచే వెళ్లాడు, మేకుకున్న ఈల మాత్రం తియ్యలేదు.

"మన పెద్దోళ్లందర్నీ 'రా' అనేసినాడు సూసినావా మావా, సన్నాసి" అని నూకరాజు నవ్వాడు. సన్యాసిరావు సిగ్గుతో నీళ్లపంపు దగ్గరికి పారిపోయాడు. మిగతావాళ్లు వెనకే వెళ్లారు. పోలయ్య, "పదండి, వస్తాను" అని దూలం పక్కన కూలబడ్డాడు. ఆరిపోయిన బీడీ చెవిమీదే ఉంది. తల వెనక్కి వాలి దిండు మీద ఆనింది.

చేతులు కడుక్కుని వచ్చిన నూకరాజు అతన్ని చూసి, "అదుగో, పొద్దున్నే అన్నాను కాదేటి. మావ తలగడేసుకుని నిద్రోయినాడు" అన్నాడు.

బంగార్రాజు ముందుకి వెళ్లి, పోలయ్య చెవిమీంచి బీడీ తీసి, అక్కడే నేలమీద కూచుండిపోయాడు.

అర్పా ఒడ్డుకి పోలయ్యని ఏడుగురూ మోశారు, భుజాలు మార్చుకుంటూ. కోటరు ఖాళీ చెయ్యవలసి వచ్చినప్పుడు అప్పలనర్సమ్మని నెలకొకరింట ఉంచుకుందామని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఆమె విని, "నానేటి మీ కేకనా, ఇల్లిల్లూ తిరగడానికి?" అంది. పోలయ్య పోయాక ఆమె నోట వచ్చిన మొదటి గట్టిమాట అది. బంగార్రాజు ఇంట్లో ఉండిపోయింది. బియ్యం మాత్రం ఏడు ఇళ్లనుంచీ వచ్చేవి, దానికి ఆమె అడ్డు చెప్పలేదు. రతన్‌పూర్ చీర ఆ యేడే పెట్టి వచ్చింది. మొక్కు మొక్కే కదా అంది.

దొర జమాదారు మాట మళ్లీ ఎత్తలేదు. ఎనిమిదో చోటికి కొత్తమనిషి వచ్చాడు. వచ్చిన రోజే కేక అతనికి వచ్చింది, అతను అరిస్తే అందరూ ఆగారు. ఈల మేకుకే చిలుం పట్టి పచ్చబడింది.

ఇంజన్లు ముఖం తిప్పుకునే చోటికి మీరెప్పుడైనా వెళితే, పోలయ్య అనే మనిషిని ఒకసారి తలుచుకోండి. అతను పెద్ద పనులేమీ చెయ్యలేదు. తనది కాని కేకని నోటిదాకా తెచ్చుకుని, వెయ్యకుండా ఊరుకున్నాడు. దూలం నడుమ ఆ గోనెదిండుని ఎవరూ విప్పలేదు. ఆ చోటికి వచ్చినవాళ్లందరూ దానిమీదే చెయ్యి వేసి తోస్తారు. ఎన్ని చేతులు పడినా, అతని రొమ్ము ఆనిన చోట దానిలో ఒక చిన్న గుంట అలాగే ఉంది.